నలభై ఒక్క పేజీలు

దుబాయ్‌లో ఆఫీసు పని దొరికింది, ఏమైనా చెప్పు మామా అని మా ప్రొద్దుటూరు పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ముప్పై ఏళ్లు అక్కడ ఉండి వచ్చినవాడికి ఏదో తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. వీసా సంగతి, రూము సంగతి చెప్తాను. పని గురించి మాత్రం ఒకటే చెప్తాను. నీకు పని బాగా వచ్చని పదిమందీ అనడం మొదలుపెట్టిన రోజు నుంచి ఒళ్లు దగ్గర పెట్టుకో అంటాను. తల ఊపి వెళ్లిపోతారు. ఎందుకన్నానో ఎవరూ అడగలేదు. అడిగినా నోటితో చెప్పగలిగేవాణ్ణి కాదు, అందుకే రాస్తున్నాను.

నా ఉద్యోగం పాత కాగితాలను స్కాన్ చేసి ఫైళ్లుగా మార్చడం. దుబాయ్‌లో నైఫ్ అనే పేటలో, ఒక సందులో, కింద సెల్‌ఫోన్ల షాపులు, పైన మా ఆఫీసు. వకీళ్లు, కాంట్రాక్టర్లు, క్లినిక్‌ల వాళ్లు పెట్టెలకొద్దీ కాగితాలు తెచ్చి పడేసేవాళ్లు. మేం వాటిని స్కాన్ చేసి, మరకలు తుడిచి, వెనకాల పసుపు రంగు తీసేసి, తెల్లగా చేసి ఇచ్చేవాళ్లం. ఒకసారి ఒక వకీలు, ఫైల్లో సగం ఖాళీ పేజీలే ఉన్నాయని మా ముదీర్ మొహం మీద అరిచాడు. ముదీర్ అంటే మా మేనేజరు, కేరళ మనిషి. ఆయన వచ్చి నా మొహం మీద అరిచాడు. ఆ రోజు నుంచి మా సెక్షన్‌లో ఒక పద్ధతి పెట్టాను. ఏమీ రాయని పేజీ కనిపిస్తే తీసెయ్యాలి. కస్టమర్ అడిగినా అడగకపోయినా తీసెయ్యాలి. నా చేతిలోంచి పోయిన ఫైల్లో ఒక్క ఖాళీ పేజీ చూపిస్తే గడ్డం గీయించుకుంటానని పందెం కాసేవాణ్ణి. ఇరవై ఏళ్లలో ఎవరూ చూపించలేదు. అంత గర్వం ఉండేది ఆ పని మీద.

నాతో పనిచేసేవాడు ఒకడుండేవాడు, జగిత్యాల దగ్గర పల్లెటూరు. బిల్డింగు పనికి వచ్చి, నడుము పట్టేసి, ఎట్లాగో మా ఆఫీసులో చేరాడు. మిషను పని అంతా నేనే నేర్పించాను. నన్ను భాయ్ అనేవాడు. చేతికి ఓర్పు ఎక్కువ. చిరిగిపోతుందేమో అనిపించే కాగితం వస్తే నేను ముట్టుకునేవాణ్ణి కాదు, వాడికే ఇచ్చేవాణ్ణి.

2021 మొదట్లో, ఇంకా అందరం మాస్కులతో తిరుగుతున్న రోజుల్లో, ఒక ఆవిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. షార్జాలో ఒక యూనివర్సిటీలో చరిత్ర చెప్తుంది. పుట్టింది ఇరాక్‌లో. అసిరియన్ క్రైస్తవురాలు. మాకు ఆ మాటే కొత్త. ఆవిడే చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, టర్కీ సుల్తాన్ల రాజ్యంలో వాళ్ల ఊళ్లకు ఊళ్లను చంపేశారట. మిగిలినవాళ్లు కొండలు దాటి పారిపోయి ఇరాక్ గుడారాల్లో పడ్డారు. అక్కడ కాస్త కుదురుకున్నారో లేదో, పద్దెనిమిదేళ్లకు మళ్లీ చంపారు. ఆ మొదటి చావును వాళ్ల భాషలో సైఫో అంటారంది. అరబ్బీలో సైఫ్ అంటే కత్తి, ఆ ముక్క నాకూ తెలుసు. ముస్లింల చేతుల్లో జరిగిన సంగతి, నేనూ ముస్లింనే, అందుకే తల వంచుకుని రసీదు రాసుకుంటూ విన్నాను. అది గమనించిందేమో, వాళ్ల ముత్తవ్వను ఆరు నెలలు గడ్డివాములో దాచింది కూడా ఒక ముస్లిం ఇంటివాళ్లేనని చెప్పింది.

ఆవిణ్ణి అక్కడి అలవాటు ప్రకారం దుక్తూరా అనేవాణ్ణి, డాక్టరమ్మా అన్నట్టు. ఆవిడ నన్ను హజ్జీ అనేది. నేను హజ్‌కు పోలేదు. గడ్డం నెరిసిన వాణ్ణి ఇరాక్ వాళ్లు ఎవరినైనా అట్లాగే పిలుస్తారు.

ఆవిడ తెచ్చింది ఒక్క నోటు పుస్తకం. నల్ల అట్ట, లోపల గోధుమ రంగు కాగితం. గుడారాల్లో ఉన్న ఒక పాదిరీ రాసిందట. తప్పించుకుని వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆయన దగ్గర కూర్చుని, మా ఊళ్లో ఫలానావాళ్లు పోయారని చెప్తుంటే, ఊరికి ఒక పేజీ చొప్పున పేర్లు రాశాడు. ఆ పాదిరీ మనవడు ఎనభై ఏళ్ల ముసలాయన. ఓడలకు ఆయిలు పోసే కంపెనీలో పనిచేసి రిటైరై ఫుజైరాలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. పుస్తకాన్ని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆవిడ రెండేళ్లు బతిమాలితే ఒక్క రోజుకు ఒప్పుకున్నాడు. తానే కారులో కూర్చుని తెచ్చాడు, సాయంత్రానికి తానే తీసుకుపోతానన్నాడు. కరోనా కాబట్టి కస్టమర్లను లోపల కూర్చోనివ్వకూడదని మా ముదీర్ బోర్డు పెట్టాడు. లేకపోతే ఆవిడ మిషను పక్కనే కూర్చునేది. ఈ రాత రాయాల్సిన పని నాకు ఉండేది కాదు.

"హజ్జీ, ఉన్నది ఉన్నట్టు కావాలి" అంది. "అట్ట, మరకలు, చీమ చచ్చి ఉంటే ఆ చీమ కూడా. ఏదీ తీయొద్దు."

తమామ్ దుక్తూరా, సరే అన్నాను. అందరూ అట్లాగే అంటారు. తీరా మరకలతో ఇస్తే ఇదేం పనయ్యా అంటారు. మనకు తెలియదా అనుకున్నాను.

పాత పుస్తకాలకు మా దగ్గర వేరే మిషను ఉండేది. పైన కెమెరా, కింద బల్ల. ఒకడు పేజీ తిప్పి కాలితో పెడల్ తొక్కుతాడు, ఒకడు పక్కన కంప్యూటర్లో చూసి శుభ్రం చేస్తాడు. తిప్పేది మా జగిత్యాల వాడు, చూసేది నేను. ఆ లిపి ఇద్దరికీ రాదు. అరబ్బీలా కుడి నుంచి ఎడమకు పోతుందని మాత్రం నాకు తెలిసింది. కొన్ని పేజీల నిండా సిరాతో సన్న అక్షరాలు. కొన్ని పేజీల్లో నాలుగు వరుసలే. మధ్య మధ్య అసలేమీ లేని పేజీలు.

కొంతసేపటికి వాడు పెడల్ మీద కాలు ఆపాడు.

"భాయ్, గిది జూడుండ్రి. ఉత్త కాయితమే గని, పైన మూలకు పెన్సిల్‌తోని ఏందో రాసినట్టు కొడ్తున్నది."

"మరక అయ్యుంటాది."

"ఒక్కదాని మీద గాదు భాయ్. ఉత్త కాయితాలన్నిట్ల గా మూలకే ఉన్నది."

అన్నిట్లో ఒకే మూలలో ఉన్నదాన్ని మరక అనడానికి ఎంత తెలివి ఉండాలో ఆలోచించండి. నాకు ఆ తెలివి ఉండేది. కిటికీలోంచి చూశాను. ముసలాయన కింద కారు పక్కన నిలబడి పైకి చూస్తున్నాడు. పాపం పెద్దాయన, తొందరగా పంపిద్దాం అనుకున్నాను. అది కూడా ఒప్పుకోవాలి, ఆ నిమిషంలో నా మనసులో ఉన్నది దయ.

"ఫొటో తీసెయ్ నాయనా. వందేళ్ల పుస్తకంలో పెన్సిల్ మరకలు ఉండవా? యల్లా, తొందరగా కానీ, పెద్దాయన ఎండలో ఉండాడు."

"దీస్తున్న భాయ్. మీరు జూస్కోండ్రి." వాడు పేజీలన్నీ ఫొటో తీశాడు. వాడి పని వాడు చేశాడు. శుభ్రం చేసేది నేను. వెనక రంగు తీసేసేసరికి ఆ పెన్సిల్ గీత కూడా కరిగిపోయి పేజీ అచ్చంగా తెల్లబడింది. చూశావా, ఏమీ లేదు అని వాడికి చూపించి ఒక్కొక్కటే తీసేశాను. మా రిజిస్టర్లో ఎప్పటిలాగే రాశాను. ఫొటో తీసినవి నూట అరవై మూడు. ఇచ్చినవి నూట ఇరవై రెండు. పక్కన సంతకం.

అసలు ఫొటోలు మా కంప్యూటర్లో వారం మాత్రమే ఉండేవి, తర్వాత జాగా కోసం తుడిచేసేవాళ్లం. ఆ వారంలో ఆవిడ రాలేదు. ఫైలు చూసి చాలా బాగుందని మెసేజి పెట్టింది. నేను మా ముదీర్‌కు చూపించుకున్నాను.

మరుసటి ఏడు జులైలో ఫుజైరాలో వరద వచ్చింది. కొండల నీళ్లు వాడీల్లోంచి, అంటే ఎండు వాగుల్లోంచి వచ్చి ఇళ్లలోకి దూరాయి. ముసలాయన వాళ్లది కింది అంతస్తు. మనుషులను పడవలో తీసుకుపోయారు. పుస్తకం ఇనప పెట్టెలో మంచం కింద ఉంది. మూడు రోజుల తర్వాత పెట్టె తెరిస్తే ముద్ద. అక్షరాలు లేవు, కాగితాలు విడివడలేదు.

ఆవిడ వచ్చి ఆ సంగతి చెప్పింది. ఏడ్చి వచ్చినట్టుంది, కళ్లు వాచి ఉన్నాయి.

"ఇక నీ ఫైలే పుస్తకం, హజ్జీ. అందుకే ఒక మాట అడగడానికి వచ్చాను. పాదిరీ కొన్ని ఊళ్లు అసలు రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు అర్థం కావడం లేదు. మీరు ఫొటో తీసేటప్పుడు పుస్తకంలో ఖాళీ పేజీలేమైనా ఉన్నాయా?"

మా జగిత్యాల వాడు బల్ల అవతల నిలబడి నా వైపు చూశాడు. వాడికి అరబ్బీ అంతగా రాదు. ఏం అడుగుతోందో మాత్రం అర్థమైంది.

"లేవు దుక్తూరా" అన్నాను.

ఎందుకన్నానో ఇన్నేళ్లలో చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఉద్యోగం పోతుందని కాదు. ఆ వయసులో పోయినా ఫర్వాలేదు. నాకు భయం వేసింది ఇంకొకందుకు. ముస్లింలు చంపిన క్రైస్తవుల పేర్లను ఒక ముస్లిం కంప్యూటర్లోంచి తీసేశాడు అన్న మాట ఎవరి నోట్లోనైనా పడితే, కావాలని చేయలేదని ఎవరు నమ్ముతారు? నా పిల్లల మొహం ఎట్లా చూడాలి? నా పరువు కోసం అబద్ధం ఆడాను. మతం పేరు పెట్టుకున్నాను కానీ, కాపాడుకున్నది నా పరువే.

ఆవిడ వెళ్లాక వాడు దగ్గరికి వచ్చాడు. "భాయ్, ఉన్నయని జెప్తే అయిపోతుండె గద?"

"నువ్వు నోరు మూసుకో" అన్నాను. వాణ్ణి అంత మాట అనడం అదే మొదలు. ఆ తర్వాత ఆ సంగతి వాడు ఎత్తలేదు. నన్ను భాయ్ అనడం కూడా తగ్గించాడు, పని ఉంటే పని గురించే మాట్లాడేవాడు.

ఇంకో ఏడాది గడిచింది. ఒకరోజు ఆవిడ ఒక వ్యాసం కాపీలు తీయించుకోవడానికి వచ్చింది. కాగితాలు నా చేతికి ఇచ్చింది. మంగలి దగ్గర, జిరాక్స్ వాడి దగ్గర మనుషులు కడుపులోది చెప్పుకుంటారు కదా, అట్లా చెప్పింది. ఆ పాదిరీ పుస్తకం మీద ఆవిడ ఒక వ్యాసం రాసింది. పుస్తకంలో లేని ఊళ్ల గురించి, ఇవి పాదిరీకి తెలియవు కాబోలు అని నిజాయితీగా ఒక వాక్యం రాసింది. దానికి వేరే దేశంలో ఇంకో ప్రొఫెసరు జవాబు రాశాడు. ఆ జవాబే ఇప్పుడు నా చేతిలో ఉన్నది.

"ఏమంటున్నాడో తెలుసా? నేను లేవన్న ఆ ఊళ్లకు వాళ్ల సొంత పాదిరీ రాసుకున్న పుస్తకంలోనే చోటు లేదు, కాబట్టి అక్కడ ఎవరూ చావలేదు, వాళ్లంతట వాళ్లే ఇళ్లు వదిలి పోయారు అంటున్నాడు. నా వ్యాసంలోని నా వాక్యాన్నే ఎత్తి రాశాడు హజ్జీ."

నేను కాపీలు తీశాను. ఇరవై కాపీలు. మిషను శబ్దం చేస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. ఒక్క పేజీ కూడా వంకరగా రాలేదు. వాటిని పిన్ను కొట్టి, కవర్లో పెట్టి ఇచ్చాను. షుక్రన్ అని వెళ్లిపోయింది.

ఆ వారమంతా రిజిస్టరు తెరిచి ఆ రెండు అంకెలనే చూసుకున్నాను. నా రిటైర్మెంటుకు ఇంకా నెలే ఉంది. చివరికి ముదీర్ దగ్గరికి పోయి జరిగింది చెప్పి, ఆవిడకు చెప్పేస్తాను అన్నాను.

"ఛోడ్ దో భాయ్" అన్నాడు. "పుస్తకం పోయింది. నువ్వు చెప్తే తిరిగి వస్తుందా? నెలలో ఇంటికి పోయే మనిషివి. కంపెనీ పేరు పోతుంది, నీ పేరు పోతుంది, ఆవిడకు వచ్చేది ఏముంది? ఖలాస్."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే నాకు ఎక్కువ బాధ అయింది. చెప్పినందువల్ల వచ్చేదేమీ లేని దశ దాకా నేనే తెచ్చాను.

శుక్రవారం నమాజ్ అయ్యాక రిజిస్టరు సంచిలో పెట్టుకుని షార్జా బస్సెక్కాను. మా వాడు కూడా వస్తానన్నాడు, వద్దన్నాను. ఆవిడ ఇంట్లోనే ఉంది. టీ ఇచ్చింది. తాగకుండానే మొదలుపెట్టాను. నా అరబ్బీ సరిపోలేదు, హిందీ కలిసింది, అది ఆవిడకు రాదు, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఖాళీ పేజీలు, పెన్సిలు, పై మూల, మా వాడు ఆగి అడగడం, నేను మరక అనడం, తర్వాత లేవని ఆవిడ మొహం మీదే చెప్పడం. అన్నీ చెప్పి రిజిస్టరు తెరిచి చూపించాను.

ఆవిడ ఆ రెండు అంకెలను చూసింది. ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసింది, పెదాలు కదిలాయి.

"నలభై ఒకటి" అంది.

"అవును దుక్తూరా."

"మూలలో ఏం రాసి ఉంది?"

"నాకు ఆ లిపి రాదు."

రిజిస్టరు మూసి నా వైపు తోసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నేను ముస్లింనని..." అని మొదలుపెట్టాను.

"అది కాదు హజ్జీ" అని ఆపింది. "పగతో చేసినవాడైతే కనీసం చదివి చేసేవాడు. ఏముందో వాడికైనా తెలిసి ఉండేది."



తర్వాత ఆవిడ ఫుజైరాకు ఫోను చేసింది. స్పీకరు పెట్టింది. ముసలాయన గొంతు బాగా నీరసంగా ఉంది. వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు, మధ్య మధ్య ఆపి నాకు అరబ్బీలో చెప్పింది. ఖాళీ పేజీలు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి కదా అన్నాడు ఆయన, అదేం ప్రశ్న అన్నట్టు. మా తాత ముందు ప్రతి ఊరికీ ఒక పేజీ పెట్టి, మూలలో పెన్సిల్‌తో ఊరి పేరు రాసుకునేవాడు. ఆ ఊరి నుంచి మొదటి మనిషి వచ్చి చెప్పిన రోజున దాని మీద సిరాతో దిద్దేవాడు. కొన్ని ఊళ్ల నుంచి చెప్పడానికి ఎవరూ రాలేదు. చచ్చేదాకా ఎదురుచూశాడు. ఎవరైనా వస్తే రాయడానికి జాగా ఉండాలని ఆ పేజీలను అట్లాగే ఉంచాడు.

పాదిరీకి తెలియని ఊళ్లని ఆవిడ రాసినవి ఇవే. ఒక్క మనిషి కూడా మిగలని ఊళ్లు.

"మరి నాకెందుకు చెప్పలేదు తాతా?" అని అడిగింది.

"నువ్వు చదువుకున్నదానివి. పేర్లు లేని పేజీలతో నీకేం పనిలే అని వదిలేశావనుకున్నాను. అడగడానికి మొహమాటం వేసింది" అన్నాడట.

ఆయన మొహమాటం, ఆవిడ నమ్మకం, మా వాడి ఓర్పు, అందరిదీ మంచితనమే. నా ఒక్కడి పనితనం సరిపోయింది అన్నిటినీ పాడు చేయడానికి.

ఆ పేర్లు ఏమైనా గుర్తున్నాయా అని ఆయన్ని అడిగింది. చిన్నప్పుడు ఆ పుస్తకంలోనే తాత దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను, చూద్దాం అన్నాడు. ఆవిడ ఒక తెల్ల కాగితం తీసుకుంది. కుడి వైపున పై నుంచి కింద దాకా అంకెలు వేసింది, ఒకటి నుంచి నలభై ఒకటి. ఆయన ఒక పేరు చెప్పాడు, రాసింది. ఇంకొకటి. తర్వాత చాలాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. మూడు, నాలుగు. ఒక ఊళ్లో వాల్‌నట్ చెట్లు ఎక్కువని తాత చెప్పేవాడట, చెట్లు గుర్తున్నాయి, పేరు రావడం లేదు. ఆవిడ తొందరపెట్టలేదు. ఐదు, ఆరు. ఏడోది చెప్పి, ఎనిమిదోది మొదలుపెట్టి, లేదు, అది ఇందాక చెప్పాను అన్నాడు. మళ్లీ అదే చెప్పాడు. మళ్లీ. ఇక చాలు తాతా, పడుకో అని ఫోను పెట్టేసింది.

ఆ కాగితం అడుగున ఆవిడ అరబ్బీలో మూడు వరుసలు రాసింది. ఈ పుస్తకంలో నలభై ఒక్క ఊళ్లకు ఖాళీ పేజీలు ఉండేవని, వాటిని ఫైల్లోంచి తీసివేసినది నేనేనని, ఎవరూ నన్ను బలవంతం చేయలేదని. నాకు చదివి వినిపించి, కాగితం నా వైపు తిప్పింది.

ఇది పెడితే అవతలి ప్రొఫెసరు నమ్ముతాడా అని అడిగాను.

"నమ్మడు" అంది. "సంతకం పెట్టు."

పెన్ను తీసుకున్నాను. ఏడు అంకెల ఎదురుగా ఏడు ఊళ్లు. ఎనిమిది నుంచి నలభై ఒకటి దాకా అంకెలే. వాటి కింద నా పేరు రాశాను.